గబ్బిలాలు ఏ వేళకు బయల్దేరతాయో లెక్కకట్టడం

మా కడప వైపు పల్లెల్లో మర్రికో చింతకో తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలను చూడని వాళ్లు తక్కువ. జంతువుల లోపల ఉండే గడియారం, అంటే ఏ వేళకు లేవాలో ఏ వేళకు పడుకోవాలో చెప్పే ఒంటి లయ, ఎలా నడుస్తుందో చూడాలంటే వీటితోనే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే పగలు ఎక్కడుంటాయో ముందే తెలుసు, పొద్దు గుంకాక బయల్దేరతాయి, మనకు కావాల్సింది ఒక నోట్‌బుక్కు, ఫోనులో టైము, అంతే.

సూర్యాస్తమయానికి పావుగంట ముందే వెళ్లి చెట్టుకు తూర్పు వైపు దూరంగా కూర్చోండి, అప్పుడు పడమటి వెలుతురులో రెక్కలు నల్లగా కనబడతాయి. టార్చ్ వేయొద్దు. కొమ్మ వదిలి ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చి వేలాడేవి ఉంటాయి, వాటిని లెక్కలో వేసుకోకండి, చెట్టు దాటి పోయిందే లెక్క. ఐదు నిమిషాలకొకసారి ఎన్ని పోయాయో రాయండి. ఒక్కటీ పోకపోతే సున్నా రాయండి, ఖాళీ వదిలితే నెల తర్వాత అవి పోలేదా, మీరు చూడలేదా అన్నది మీకే గుర్తుండదు.

అసలు తప్పు జరిగేది టైము దగ్గర. మన దగ్గర నవంబరు చివర 5:40కే పొద్దు గుంకుతుంది, జులై మొదట్లో 6:45 దాటుతుంది. గంటకు పైగా తేడా! అందుకని గడియారం టైము పక్కనే 'సూర్యాస్తమయం తర్వాత ఎన్ని నిమిషాలకు' అని ఇంకో గడి పెట్టి, దాన్నే పోల్చండి. మబ్బు, వాన, వెన్నెల కూడా రాయాలి. మబ్బు పట్టిన రోజు ముందే లేస్తే, అది వెలుతురు తగ్గినందుకే కావచ్చు, లోపలి గడియారం మారిందని చెప్పలేం.

ఈ చిక్కునే జంతువుల లోపలి గడియారాన్ని పరిశోధించిన ఎం.కె. చంద్రశేఖరన్ బృందం మదురై దగ్గర గుహలో పట్టుకుంది. వెలుతురు చొరబడని గుహలో గబ్బిలాన్ని పంజరంలో ఉంచితే, చుట్టూ తోటి గబ్బిలాలు రోజూ వచ్చిపోతున్నప్పుడు అది లేచే, పడుకునే లయ కూడా వాటి వేళలతోనే కలిసి నడిచిందని 1981లో రాశారు. ఎండ కనబడకపోయినా తోడు ఉంటే చాలన్నమాట. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కింద పడిన గబ్బిలాన్ని మాత్రం ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, రేబిస్ భయం ఉంది.

రాత్రి నేల మీద తిరిగే జంతువులకైతే మెత్తటి మట్టి చాలు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, 1986లో మన లంకమల కొండల వైపు మళ్లీ దొరికిన, రాత్రిపూట తిరిగే కలివికోడి అనే పక్షిని వెతకడానికి కూడా పొదల మధ్య జల్లించిన మట్టి పరిచి అడుగుల గుర్తులు చూశారు. అడవిలోకి అనుమతి లేకుండా పోకండి, మీ చేను గట్టు మీదే చేయండి. జల్లెడ పట్టిన మట్టిని రెండు బారల పొడవు పరిచి, అరచేత్తో సాపు చేయండి. ఒక్క తెల్లవారే చూస్తే నక్క వచ్చిందో కుందేలు వచ్చిందో తెలుస్తుంది గానీ ఎప్పుడు వచ్చిందో తెలియదు, కాబట్టి చీకటి పడే ముందు ఒకసారి, రాత్రి పదికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూసి, గుర్తులు రాసుకున్నాక మళ్లీ సాపు చేసి రండి.