లాన్ పెంపకం – 4వ పాఠం: గుంటలు, పసుపు మచ్చలు, ఎర్రమట్టి

ఈ పాఠంలో ఎరువుల గురించి చెప్పాల్సింది. కానీ పోయిన పాఠం చూసి కొరియన్ గడ్డి నాటినవాళ్లలో చాలామంది వానలు పడ్డాక ఒకే మాట రాశారు: లాన్‌లో నీళ్లు నిలుస్తున్నాయి, నిలిచినచోట గడ్డి పసుపెక్కుతోంది. నీళ్లు నిలిచే నేలలో వేరుకు గాలి ఆడదు. గాలి ఆడని వేరు ఎరువు తీసుకోదు. అందుకే ముందు గుంటల పని పట్టాలి.

వాన వెలిసిన గంటకు లాన్ చూడండి. ఇంకా నీళ్లు మెరుస్తున్న చోటల్లా చుట్టూ ముగ్గుపిండితో గీత గీయండి. నేల ఆరాక, తాపీమేస్త్రీల దగ్గర ఉండే అల్యూమినియం బద్దను గుంట రెండు అంచులకూ ఆనేలా పెట్టి, నడుమ లోతు స్కేలుతో కొలవండి.

లోతు 2.5 సెంటీమీటర్ల లోపయితే పైనుంచి మట్టి (ఏ మట్టో కింద చెప్తాను) చల్లితే చాలు. అయితే ఒకేసారి నింపకూడదు. విడతకు 5 మిల్లీమీటర్లే వేసి, మూడు వారాలు ఆగి, గడ్డి పైకి వచ్చాక మళ్లీ వేయాలి. చల్లాక కొబ్బరి ఈనెల చీపురుతో అటూ ఇటూ ఊడిస్తే మట్టి గడ్డి సందుల్లోకి దిగుతుంది. పని అయ్యేసరికి గడ్డి కొసలు కనిపించాలి. కనిపించకపోతే ఎక్కువ వేసినట్టే, తీసేయండి. 100 చదరపు అడుగులకు 5 మిల్లీమీటర్లంటే సుమారు 46 లీటర్ల మట్టి, అంటే 20 లీటర్ల పెయింట్ బకెట్‌తో రెండుంపావు.

అంతకంటే లోతైతే గడ్డిని లేపాల్సిందే. గుంట మీద పదునైన పారతో 5 సెంటీమీటర్ల లోతున ఇంగ్లిష్ ‘హెచ్’ ఆకారంలో కోసి, రెండు పక్కలకూ తలుపుల్లా తెరిచి, అడుగున మట్టి నింపి, కాలితో అదిమి, మూసేయండి. చుట్టుపక్కల కంటే ఒక సెంటీమీటరు ఎత్తు ఉంచండి, నీళ్లు పడితే దిగుతుంది. రోలర్ వాడమని నేను చెప్పను. తడి నేల మీద రోలర్ దొర్లిస్తే గుంట పోకపోగా చుట్టూ నేల గట్టిపడుతుంది.

లాన్ ఒక పక్కంతా నీళ్లు నిలుస్తుంటే అది గుంట కాదు, వాటం (నేల వాలు) తప్పింది. ఇంటి గోడ నుంచి బయటికి 10 అడుగులకు 3 సెంటీమీటర్లు దిగాలి. నీళ్ల లెవెల్ పైపుతో చూసుకోండి. వాటం గోడవైపే ఉంటే పైన ఎంత మట్టి వేసినా ప్రయోజనం లేదు. గడ్డి తీసి నేల సరిచేయడమే దారి.

ఇక ఎర్రమట్టి. లాన్ ఎక్కడ పల్చబడినా, ఎందుకు పసుపెక్కినా మాలి చెప్పే మందు ఒకటే: “ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి తోలించండి సార్.” హైదరాబాద్ కాలనీల్లో ఏటా అంగుళం మందాన పరిచి, పైన పశువుల ఎరువు కొడుతుంటారు. దయచేసి ఆపండి. బంక ఎక్కువున్న ఎర్రమట్టి తడిసి ఎండితే పెచ్చు కడుతుంది, నీళ్లు లోపలికి దిగవు. కొత్త వేళ్లు ఆ పై పొరలోనే ఆగిపోతాయి, వేసవిలో అవే మొదట ఎండుతాయి. గడ్డి మొదళ్లు పూడుకుపోతాయి. కొరియన్ గడ్డి పెరుగుదల అసలే నిదానం, అంగుళం మట్టిని చీల్చుకుని పైకి రాలేదు. నాలుగేళ్లకు లాన్ బాటకంటే ఎత్తయి వాననీళ్లు పోర్టికోలోకి వస్తాయి.

వీటన్నిటికంటే పెద్ద నష్టం తుంగ అనే కలుపు. మట్టిలో కనిపించని గడ్డలుగా వస్తుంది. పీకితే పైమొక్క చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది. గుర్తుపట్టడం తేలిక: కాడను రెండు వేళ్ల మధ్య దొర్లించండి. మూడు పలకలు తగిలితే తుంగ, గుండ్రంగా దొర్లితే గడ్డి. కనిపించిన వెంటనే సన్నటి గునపంతో 15 సెంటీమీటర్ల లోతు నుంచి గడ్డతో సహా తీయాలి. తీసిన గడ్డల్ని కంపోస్టులో వేయకండి.

ఎర్రమట్టి బదులు నేను వాడేది: ఏటి ఇసుక రెండు పాళ్లు, జల్లించిన తోటమట్టి ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు. అంతా 5 మిల్లీమీటర్ల జల్లెడలో పట్టాలి. క్వారీ డస్ట్, సముద్రపు ఇసుక వద్దు.

కాలం చూసుకోవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల అక్టోబర్ మధ్యలో మొదటి విడత, నవంబర్ మొదట్లో రెండోది. చలికి గడ్డి పెరుగుదల తగ్గుతుంది కాబట్టి మూడోది ఫిబ్రవరి చివరికి వాయిదా. నెల్లూరు, ఒంగోలు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి. చల్లిన మట్టి కొట్టుకుపోతుంది, మొదటి విడతే ఫిబ్రవరిలో పెట్టుకోండి.

నీళ్లు నిలవకపోయినా పసుపెక్కితే ఆకు చూడండి. ముదురాకులు ముందు పాలిపోతే నత్రజని లోటు, అది వచ్చే పాఠంలో. లేతాకులు పాలిపోయి ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోటు. ఉప్పు నీటి బోర్ల దగ్గర ఇది ఎక్కువ. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. టైల్స్ మీద పడితే తుప్పు మరకలు పోవు, ముందే గోనె కప్పండి.

అభ్యాసం: వచ్చే పాఠంలోపు మీ గుంటలన్నీ లోతులతో సహా కాగితం మీద గీసుకోండి. తర్వాత మీరు కొనబోయే మట్టి ఒక బకెట్ తెచ్చి, వెడల్పాటి టబ్బులో పరిచి, ఎండలో పెట్టి, 15 రోజులు రోజూ తడపండి. అదే మట్టి గుప్పెడు గాజు సీసాలో వేసి, నీళ్లు పోసి గట్టిగా కుదిపి కదపకుండా ఉంచండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, మర్నాటికి దాని పైన సన్నటి బంక పొర పేరుకుంటుంది. బంక పొర ఇసుక పొరకంటే మందంగా ఉంటే ఆ మట్టి మిశ్రమానికి పనికిరాదు. టబ్బులో ఒక్క తుంగ మొలిచినా ఆ లోడు వెనక్కి పంపండి.