ఎండలు ముదరకముందే డీబీ బాక్సు మూత తీసి చూడండ్రి

శివరాత్రికి చలి శివశివా అనుకుంటా పోతది, ఇగ మన వరంగల్‌ల సజ్జ మీది కూలర్లు కిందికి దిగుతయి, కూలర్ గడ్డి మారుస్తరు, ఏసీలు సర్వీసింగ్ చేపిస్తరు, అన్నీ చేస్తరు గానీ ఆ లోడంతా పోయే డీబీ బాక్సు (ఇంటి లైన్లన్నిటి స్విచ్చులు ఉండే పెట్టె) దిక్కు ఎవ్వరూ చూడరు. ఏప్రిల్ చివర్ల ఓ రాత్రి పదకొండింటికి ఆ బాక్సుల ఎంసీబీ (లోడ్ ఎక్కువైనా, షార్ట్ అయినా దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్) పడ్డంక యాదికొస్తది. ఫోన్ చేస్తే కొందరు ఎలక్ట్రీషియన్లు ఏమంటరంటే "16 యాంప్స్‌ది తీసేసి 32ది వేస్త సార్, మళ్ల పడదు" అంటరు. నిజమే, పడదు, అసలు భయపడాల్సిందే దానికి.

ఎందుకంటే ఎంసీబీ పెట్టేది ఏసీ కోసం కాదు, గోడ లోపలి వైరు కోసం. మామూలుగా ఇండ్లల్ల లైట్లు ఫ్యాన్లకు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తరు, దానికి 6 గానీ 10 గానీ యాంప్స్ ఎంసీబీ. పవర్ ప్లగ్గులకు 2.5 వైరు, దానికి 16, మహా అయితే 20. ఏసీకి, గీజర్‌కు 4 స్క్వేర్ లాగితే నిమ్మళం. ఇప్పుడు ఆ 2.5 వైరు మీద 32 పెట్టిన్రు అనుకోండి, 28 యాంప్స్ రాత్రంతా పోయినా ఎంసీబీ కదలదు, దాని లెక్కల అది మామూలు లోడే. స్టాండర్డ్ ప్రకారం రేటింగుకు 1.45 రెట్లు పోతే గంట లోపల పడాలె, అంటే 32దానికి 46 యాంప్స్ దాకా గంట టైం ఉంటది. ఈ లోపు పైపుల వైరు మీది పీవీసీ ఉడుకుతది (మామూలు పీవీసీ ఓర్చుకునేది 70 డిగ్రీలే), మనకు పైకి ఏం కనబడదు, ఎప్పుడో ఒకనాడు గోడల షార్ట్ అయితది. అందుకే ఎంసీబీ మార్చుడు కాదు, లోడ్ వేరే లైన్ మీదికి మార్చాలె, లేకపోతే లావు వైరు లాగించాలె. ఖర్చే, ఏం చేస్తం.

పాత ఇండ్లల్ల కిట్‌క్యాట్ ఫ్యూజులు (లోడ్ ఎక్కువైతే లోపలి సన్న తీగ కాలి కరెంటు ఆపేటియి) ఉన్నోళ్లదీ ఇదే కథ, పోయినప్పుడల్లా చేతికి దొరికిన లావు తీగ రెండు పోగులు చుడ్తరు. అది ఇగ ఫ్యూజ్ కాదు, ఉత్త తీగ.

ఎంసీబీ ఎట్ల పడ్డదో చూస్తే సగం సంగతి తెలుస్తది. లోపల రెండు లోహాలు అతికిన పట్టీ ఉంటది, లోడ్ ఎక్కువైతే అది మెల్లగ వేడెక్కి వంగి ఆఫ్ చేస్తది, దీనికి టైం పడ్తది. షార్ట్ అయితే పక్కన ఉన్న కాయిల్ అయస్కాంతమై కండ్లు మూసి తెరిచేలోపు కొట్టేస్తది. కాబట్టి పది ఇరవై నిమిషాలు నడిచి పడితే ఓవర్‌లోడ్ అనుకోవచ్చు, 1.5 టన్ను ఏసీ 7, 8 యాంప్స్ తీసుకుంటది, అదే లైన్ మీద 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ పెడితే ఇంకో 9, ఇగ ఇస్త్రీ పెట్టె కూడా కలిస్తే 20 దాటుతది. వేయంగనే టక్కున పడితే షార్ట్. అప్పుడు మళ్ల మళ్ల ఎత్తకుండ్రి. ఆ లైన్ మీది ప్లగ్గులన్నీ పీకి ఒక్కసారి ఎత్తి చూడండ్రి, నిలబడితే ఒక్కొక్కటి పెట్టుకుంట పోండ్రి, ఏది పెడితే పడ్డదో దాంట్లనే తప్పు. అన్నీ పీకినా పడుతుందంటే వైరింగ్‌ల ఉన్నట్టు, మనం ముట్టుకునే పని కాదు.

ఇంకోటి, ఎంసీబీలు 30 డిగ్రీల వేడి లెక్కన తయారైతయి. పడమటి గోడకు ఎండ కొట్టే కాడ బాక్సు ఉంటే మే నెల మధ్యాహ్నం తక్కువ లోడ్‌కే పడొచ్చు, నీడ చేయండ్రి. లో వోల్టేజీల బోర్ మోటర్ కూడా ఎక్కువ యాంప్స్ గుంజుతది, అప్పుడు పడితే ఎంసీబీని తిట్టకుండ్రి.

ఎంసీబీకి అస్సలు తెల్వనియి రెండున్నయి. ఒకటి లూజ్ కనెక్షన్, స్క్రూ వదులైన కాడ మామూలు కరెంటుకే కాలుతది. బాక్సుల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగిందా, కాలిన వాసన వస్తుందా, ఏదన్న ఎంసీబీ పట్టుకుంటే చురుక్కుమంటుందా చూసుకోండ్రి, ఉంటే పనోన్ని పిలిచి మెయిన్ ఆఫ్ చేసి టైట్ చేపియ్యాలె. రెండోది షాక్. ఇనుప కూలర్ బాడీకి కరెంటొచ్చి, తడి కాళ్లతోని నీళ్లు పోసేటోళ్లకు కొడితే, మనిషి ప్రాణం తీయడానికి యాంపుల పదో వంతు చాలు, 16 యాంప్స్ ఎంసీబీకి అది లెక్కనే కాదు. దానికి 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆఫ్ చేసే స్విచ్) వేరే ఉండాలె, ఉన్నోళ్లు దాని మీద టీ అని ఉన్న టెస్ట్ బటన్ నొక్కండ్రి, పడకపోతే అది పోయినట్టే. కూలర్ త్రీపిన్ ప్లగ్గుకు పై లావు పిన్ను ఇరగ్గొట్టి టూపిన్‌ల గుచ్చేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు, ఎర్తింగ్ పాయె. నీళ్లు పోసేముందు స్విచ్ ఆఫ్ కాదు, ప్లగ్గే పీకాలె, ఇంట్ల పిల్లలకు గట్టిగ చెప్పండ్రి.

మీటర్ కాడ గానీ స్తంభం కాడ గానీ నిప్పురవ్వలు వస్తే మాత్రం కట్టె పట్టుకొని మీరు పోకుండ్రి, కరెంటు ఆఫీసు ఫిర్యాదుల నంబర్ 1912కు ఫోన్ కొట్టి లైన్‌మన్ వచ్చిందాక దూరం ఉండండ్రి.