ఎంజీబీ రేకులు విప్పే ముందు

గ్యారేజీలో దుప్పటి కింద ఉన్న ఎంజీబీ రోడ్‌స్టర్‌ని, అంటే పైకప్పు తెరుచుకునే ఆ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుని, బాగుచేయడానికి ఈ వేసవిలోనైనా విప్పుదామనుకుంటున్నాం, ఎలా అని బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్‌డన్‌లో 5 లక్షలకు పైగా తయారైన బండి కాబట్టి సామాన్లకి కొరత లేదు. 1988 నుంచి కొత్త బాడీ షెల్ (కారు మొత్తం రేకుల గూడు) కూడా చేస్తున్నారు. చిక్కల్లా, దీనికి విడిగా ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) లేదు. బరువు మోసేది రేకులే. ఏది విప్పినా బండి ఆకారం వంగకుండా చూసుకోవాలి.

స్పానర్ పట్టుకునే ముందు ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతం ఒకటి తీసి, గుడ్డలో చుట్టి, తలుపు కింద గడపలా ఉండే సిల్ మీద ఈ చివర నుంచి ఆ చివరికి జరపండి. పట్టు వదిలి జారిన చోట ఉన్నది పుట్టీ. కుళ్లిన సిల్ మీదే కొత్త రేకు తొడిగి వెల్డ్ చేయించిన పాత ఓనర్లు చాలామందే ఉన్నారు. పైకి నున్నగా ఉంటుంది, లోపల వేలితో నొక్కితే అప్పడంలా విరుగుతుంది.

ఇక్కడే నేను మొదటిసారి దెబ్బతిన్నాను. ఉత్సాహం కొద్దీ రెండు పక్కలా సిల్‌లు ఒకే రోజు కోసేశాను. సాయంత్రం తలుపు వేస్తే పడలేదు. నడుము దగ్గర బండి కుంగి, తలుపు వెనక అంచున పైన సందు మూసుకుపోయింది. దాన్ని సరిచేయడానికి రెండు నెలలు పట్టింది. అందుకని తలుపు సందులు పైనా కిందా కొలిచి రాసుకోండి. తలుపు ఖాళీలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనుప గొట్టం అడ్డంగా వెల్డ్ చేయండి. బరువు చక్రాల మీద ఉన్నట్టే ఉండేలా ముందు క్రాస్‌మెంబర్ (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే దూలం) కింద, వెనక యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాని మీద బండిని నమ్మి కిందకి దూరొద్దు. ఒక పక్క పూర్తయి తలుపు సరిగా పడ్డాకే రెండో పక్క ముట్టుకోవాలి.

బ్యాటరీ సంగతి. 1974 దాకా వచ్చిన బండ్లలో సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. ఒక వైరు తీసి వదిలేయకుండా రెండూ బయటపెట్టండి. పెట్రోల్ ట్యాంక్ కూడా విప్పి గ్యారేజీ నుంచి దూరంగా పెట్టాలి. ఖాళీ చేసిన ట్యాంక్‌లో మిగిలే ఆవిరి, నిండు ట్యాంక్ కంటే ప్రమాదం.

ముందు మడ్‌గార్డులు బోల్టులతోనే ఉంటాయి, వెనకవి వెల్డ్ చేసినవి. బోల్టులకి వారం ముందు నుంచే రోజూ కాస్త తుప్పు వదిలించే నూనె కొట్టండి. తిరగకపోతే బలం పెట్టకండి, లోపలి నట్టు తన గూట్లోనే ఊడి తిరగడం మొదలుపెడితే తలనొప్పి. బోల్టు తల కోసేయడమే మేలు. కుళ్లిన అంచులు బ్లేడుల్లా ఉంటాయి. మందపాటి తోలు గ్లవ్స్ వేసుకోండి, టెటనస్ ఇంజెక్షన్ వేసుకుని ఎన్నేళ్లయిందో చూసుకోండి. డ్రిల్ పట్టుకున్నప్పుడు మాత్రం గ్లవ్స్ తీసేయాలి, చుట్టుకుంటే చేయి పోతుంది.

పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు. బాడీ అతుకుల్లో కొన్నిచోట్ల ఫ్యాక్టరీలోనే సీసం నింపారు. అక్కడ గ్రైండర్ పెడితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. సన్నటి పొడిని కూడా ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్క్, ముఖం మొత్తం కప్పే షీల్డ్ తప్పనిసరి. ఆ బట్టలతోనే ఇంట్లోకి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దు. గ్రైండర్ గార్డు అడ్డమొస్తోందని తీసేసేవాళ్లతో నేను వాదించను, పక్కన నిలబడను కూడా.

ఇంకొకటి చాలామందికి తెలియదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద రసాయనం పేరు చదివి కొనండి.

అడుగున పూసిన నల్లటి తారు లాంటి పూత వెల్డ్ వేడికి లోపల్లోపల రాజుకుంటుంది. చివరి నిప్పురవ్వ పడ్డాక కనీసం గంట అక్కడే కూర్చోండి, టీ తాగుతూనైనా సరే. తీసిన కుళ్లు రేకుల్ని చెత్తలో వేయకండి. కొత్తది సరిగా కూర్చుందా, బోల్టు రంధ్రం ఎక్కడ అన్నది తేలాలంటే ఆ పాతదే కావాలి.