సీఎంసీకి ఎంజైమ్ వేసినా డీఎన్‌ఎస్‌లో రంగు రావట్లేదా?

కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ (సీఎంసీ) 1% ద్రావణం, 50 మిల్లీమోలార్ అసిటేట్ బఫర్, పీహెచ్ 5, 50 డిగ్రీలు, ఎండోగ్లూకనేజ్ (సెల్యులోజ్ గొలుసును నడుమ కోసే ఎంజైమ్). 24 గంటలైనా డీఎన్‌ఎస్ (కోతతో వచ్చిన చక్కెర చివరలను రంగుతో చూపే రసాయనం) రీడింగ్ 540 నానోమీటర్ల దగ్గర కదలదు. ఎంజైమ్ పాడైందనుకునే ముందు బీకరును వెలుతురుకెత్తి చూడండి. ఉడికీ ఉడకని సగ్గుబియ్యంలా, చుట్టూ జిగురు, నడిమధ్య తెల్ల చుక్క కనిపిస్తే పొడి లోపల తడవలేదన్నమాట. గ్రాము పొడిని 100 మి.లీ. చల్లటి డిస్టిల్డ్ వాటర్ సుడిలో ఐదు నిమిషాల పాటు చిటికెడు చిటికెడుగా చల్లి, రాత్రంతా తిప్పండి. వానాకాలంలో సీఎంసీ తేమ పీలుస్తుంది. కొంచెం పొడిని 105 డిగ్రీల్లో ఆరబెట్టి, తేమ తీసేసి తూకం లెక్కకట్టండి.

మిథైల్ సెల్యులోజ్ అయితే కథ తలకిందులు. వేడికి గడ్డకట్టేది అదే. 50 డిగ్రీల బాత్‌లో పాలలా తెల్లబడిందంటే ఎంజైముకు అందదు. పొడిని 80 డిగ్రీల నీళ్లలో, మొత్తంలో మూడోవంతులో, కలిపి, మిగతాది ఐసు నీళ్లుగా పోయండి. ప్రయోగం 37 డిగ్రీల్లో చేయండి. చాందా, బల్లార్షా ఎండలు 45 దాటే రోజుల్లో సీసాను బల్లమీద వదిలేయొద్దు, ఫ్రిజ్‌లో పెట్టండి.

సీఎంసీ లేని బ్లాంకులోనే రంగొస్తోందా? ఎంజైమ్ సీసాలో నిల్వకోసం కలిపిన చక్కెరల పని కావచ్చు. వాటిని వదిలించడానికి సెల్యులోజ్ డయాలసిస్ గొట్టం మాత్రం వాడకండి, ఎంజైమ్ ఆ గొట్టాన్నే తింటుంది! 10 కిలోడాల్టన్ల పాలీఈథర్‌సల్ఫోన్ ఫిల్టర్ తీసుకోండి.

చక్కెర మరీ ఎక్కువొస్తే బీటా-గ్లూకోసిడేజ్ కల్తీని అనుమానించండి. సెల్లోబయోజ్‌ను (జంట గ్లూకోజును) అది రెండు గ్లూకోజులు చేస్తుంది. అంటే పాలిమర్ గొలుసులో కొత్త కోత పడకుండానే రీడింగ్ పెరుగుతుంది. సెల్లోబయోజ్‌కు మీ ఎంజైమ్ కలిపి, గ్లూకోజ్ ఆక్సిడేజ్ కిట్‌తో పరీక్షిస్తే తేలిపోతుంది.

ఇవన్నీ సరిచూశాక నమూనాల మధ్య మిగిలిన తేడానే సీఎంసీ నిర్మాణం గురించి చెబుతుంది. డీఎస్ (ఒక్కో గ్లూకోజుకు అతుక్కున్న ప్రతిక్షేపకాలు, అంటే కార్బాక్సీమిథైల్ ముక్కల సంఖ్య) 0.9 అనేది సగటు మాత్రమే. ఎంజైముకు వరసగా కొన్ని ఖాళీ (ప్రతిక్షేపకం లేని) గ్లూకోజులు కావాలి. ప్రతిక్షేపకాలు గుంపులుగా ఉంటే మధ్యలో అలాంటి ఖాళీ చోట్లు దొరికి చక్కెర ఎక్కువొస్తుంది. సమంగా పరుచుకుంటే తక్కువ. అందుకే చక్కెరతోపాటు జిగట కూడా కొలవండి. పొడవాటి గొలుసు నడుమ ఒక్క కోత పడితే జిగట చటుక్కున తగ్గుతుంది, రంగిచ్చే చక్కెర చివర మాత్రం ఒక్కటే పెరుగుతుంది, డీఎన్‌ఎస్‌కు అది కనిపించదు. జిగట పడిపోయి రంగు రాకపోతే ఎంజైమ్ బాగానే ఉంది, కోసే చోట్లే తక్కువ.