ఫ్లోరిడా అగ్నిమాపక సిబ్బందికి క్యాన్సర్ సాయం: దరఖాస్తు ఎలా చేసుకోవాలి

ఫ్లోరిడాలో ఒక కౌంటీ కార్యాలయంలో అగ్నిమాపక సిబ్బంది క్యాన్సర్ ఫైళ్లు చూడటం నా పని. వచ్చేవాళ్లు స్కానుల సంచీ మోసుకొస్తారు, ఉద్యోగం తేదీల కాగితం మాత్రం ఇంట్లో వదిలేస్తారు. డబ్బు ఆగేది ఆ కాగితం దగ్గరే.

2019 జులై 1న అమల్లోకి వచ్చిన ఇక్కడి చట్టం, జబ్బు ఫలానా మంట వల్లే వచ్చిందని నిరూపించమని అడగదు. ఎవరైనా ఎలా నిరూపిస్తారు గనక! జాబితాలోని 21 క్యాన్సర్లలో ఒకటి తొలిసారి బయటపడితే, ఉద్యోగమిచ్చిన ప్రభుత్వ సంస్థ 25,000 డాలర్లు ఒకేసారి ఇవ్వాలి. చికిత్సలో మీ చేతి నుంచి పడే వాటా కూడా దానిదే.

షరతులున్నాయి. పూర్తికాలపు ఉద్యోగి అయి ఉండాలి. స్వచ్ఛందంగా పనిచేసేవారికి ఇది వర్తించదు, అది అన్యాయమనే నా అభిప్రాయం. అదే సంస్థలో ఎడతెగకుండా ఐదేళ్లు పనిచేసి ఉండాలి. జబ్బు నిర్ధారణకు ముందు ఐదేళ్లలో పొగాకు ముట్టకూడదు, క్యాన్సర్ ముప్పు ఎక్కువని తేలిన మరో ఉద్యోగమూ చేసి ఉండకూడదు. కాబట్టి ముందుగా నియామక పత్రం, సర్వీసు రికార్డు తీయించండి. మధ్యలో సంస్థ మారి ఉంటే రెండు చోట్ల తేదీలూ కావాలి.

తర్వాత బయాప్సీ నివేదిక. జాబితాలో మూత్రాశయం, థైరాయిడ్, వృషణాలు, మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) వంటివన్నీ విడివిడిగా ఉన్నాయి, ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ లేదు. చర్మ క్యాన్సర్ అయితే లోపలి పొరలకు పాకినదై ఉండాలి. నివేదికలో ఉత్త "చర్మ క్యాన్సర్" అని ఉంటే నేను ఫైలు వెనక్కి పంపాల్సి వస్తుంది. ఏ రకమో, లోపలికి పాకిందో లేదో స్పష్టంగా రాసివ్వమని డాక్టరును అడగండి. నిర్ధారణ తేదీ కూడా అందులోనే ఉండాలి, ఐదేళ్ల లెక్కలన్నీ దాన్నుంచే.

సంతకానికి ముందు ఒక్క మాట. ఈ సాయం, పనివల్ల వచ్చే గాయాలకూ జబ్బులకూ ఇచ్చే కార్మిక నష్టపరిహారానికి ప్రత్యామ్నాయం. ఏ దారి మేలో న్యాయవాదితో గానీ యూనియన్‌తో గానీ మాట్లాడి తేల్చుకోండి.

రిటైరైనవాళ్లు తమకు రాదనుకుని ఊరుకుంటారు. ఉద్యోగం వదిలేనాటికి షరతులన్నీ నెరవేరి, వేరేచోట అగ్నిమాపక ఉద్యోగంలో చేరకుండా ఉంటే పదేళ్ల వరకు అడగవచ్చు, సంస్థ ఆరోగ్య బీమాలో కొనసాగుతూ ఉంటే.

2023లో మొదలైన అమెరికా అగ్నిమాపక సిబ్బంది జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకుంటే సాయానికి దరఖాస్తు చేసినట్టే అనుకునేవారూ ఉన్నారు. అది పరిశోధన కోసం, డబ్బివ్వదు. అయినా చేరండి, 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ వృత్తిని క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన కారకాల మొదటి వర్గంలో పెట్టిందంటే ఇలాంటి లెక్కలు పోగుపడబట్టే.

అన్నిటికీ నకళ్లు తీసుకుని అసలైనవి మీ దగ్గరే ఉంచుకోండి. దరఖాస్తు ఇచ్చాక తేదీ ముద్ర వేసిన రసీదు చేతికొచ్చేదాకా కౌంటరు దగ్గర్నుంచి కదలకండి.