ఇంటి నెట్‌వర్క్ పాఠాలు – 4: మెష్ వైఫైలో డీఎన్‌ఎస్‌కు తాళం

పోయిన భాగంలో మెష్ వైఫై (రెండు మూడు యూనిట్లు కలిసి ఒకే వైఫైగా పనిచేసేది) మెయిన్ యూనిట్ హాల్లో, రెండోది మేడ మీద పెట్టి సిగ్నల్ సరిచూసుకున్నాం. ఈసారి డీఎన్‌ఎస్ పని పడదాం.

సైటు పేరు కొట్టగానే, దాని ఐపీ అడ్రసు (నెట్‌లో దాని నంబరు) ఏమిటని ఫోను ముందుగా ఒక సర్వర్‌ను అడుగుతుంది. దీన్నే డీఎన్‌ఎస్ అంటారు, ఇది 1980ల నాటి పద్ధతి. ప్రశ్న 53వ పోర్టు (నెట్ ట్రాఫిక్‌కు గుమ్మం నంబరు లాంటిది) మీద ఏ దాపరికమూ లేకుండా పోతుంది. బస్సంతా వినేలా "ఫలానా ఆసుపత్రి దగ్గర ఆపండి" అని కండక్టర్‌కు కేకేసినట్టే. నెట్ ఇచ్చే కంపెనీ ఆ కేక వినగలదు, తలచుకుంటే జవాబు మార్చి కూడా పంపగలదు. దీనికి విరుగుడుగా ప్రశ్నను ఎవరూ చదవకుండా తాళం వేసి పంపే పద్ధతులు, 2016లో డీఎన్‌ఎస్ ఓవర్ టీఎల్‌ఎస్, 2018లో డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ ప్రమాణాలుగా వచ్చాయి. మొదటిది 853 పోర్టు మీద నడుస్తుంది. రెండోది మామూలు వెబ్ ట్రాఫిక్ పోయే 443లో కలిసిపోతుంది. మనం మొదటిదే పెడదాం. విడి పోర్టు కాబట్టి, ఎక్కడైనా తేడా వస్తే కనిపెట్టడం సులువు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మెష్ యాప్‌లో డీఎన్‌ఎస్ గడిలో 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ డీఎన్‌ఎస్ సర్వర్) అనో 9.9.9.9 (క్వాడ్9 వాళ్లది) అనో రాసి, పని అయిపోయిందనుకుంటారు. అవ్వలేదు. కండక్టర్ మారాడు గానీ కేక అలాగే ఉంది. సెట్టింగ్‌లో టీఎల్‌ఎస్ అనో హెచ్‌టీటీపీఎస్ అనో కనిపిస్తేనే తాళం పడ్డట్టు. కొన్ని మెష్ కిట్లలో ఆ సదుపాయమే ఉండదు. కొనేముందు చూసుకోవాల్సిన సంగతి ఇది.

సెట్టింగ్ జోలికి పోకముందే ఇంకో ప్రశ్న తేల్చుకోవాలి: మీ ఇంట్లో ఐపీ అడ్రసులు పంచేది ఎవరు? ఫైబర్ వాళ్లు గోడకు బిగించిన పెట్టె కూడా ఒక రూటరే. మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (అంటే వైఫై సిగ్నల్ మాత్రమే ఇచ్చేలా) పెట్టి ఉంటే, అడ్రసులతో పాటు ఏ డీఎన్‌ఎస్ వాడాలో చెప్పేదీ ఆ పెట్టే. మెష్‌లో మీరు ఏం మార్చినా ఫోన్లకు చేరదు. ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి గేట్‌వే నంబరు చూడండి. దాన్ని బ్రౌజర్‌లో కొడితే కంపెనీ పెట్టె లాగిన్ వచ్చిందంటే సంగతి అదే. అప్పుడు మెష్‌ను రూటర్ మోడ్‌లోకి మార్చండి. డబుల్ నాట్ (రెండు రూటర్లు ఒకదాని వెనక ఒకటి అడ్రసులు మార్చడం) అవుతుందని కొందరు భయపెడతారు. బయటి నుంచి నేరుగా మీ ఇంటి సీసీ కెమెరాకు కనెక్ట్ అవ్వడం, కొన్ని ఆన్‌లైన్ గేములు తప్ప దానితో పెద్ద ఇబ్బంది ఉండదు. మన పనికైతే అసలు అడ్డు కాదు.

ఇక సెట్టింగ్. నా దగ్గర ఉన్నది మెర్లిన్ ఫర్మ్‌వేర్ (రూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేసిన ఏసస్ రూటర్ కాబట్టి దాని దారే చెబుతాను. మెయిన్ యూనిట్‌లో మాత్రమే మార్చాలి, మేడ మీది దానికి ఏమీ చెప్పనక్కర్లేదు. లాగిన్ అయ్యి, వాన్ పేజీలో డీఎన్‌ఎస్ ప్రైవసీ ప్రోటోకాల్ దగ్గర డీఎన్‌ఎస్ ఓవర్ టీఎల్‌ఎస్ ఎంచుకోండి. ప్రొఫైల్ స్ట్రిక్ట్ అని పెట్టండి. కింద ఉన్న జాబితాలోంచి క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్లు రెండు కలిపి, అప్లై కొట్టండి. స్ట్రిక్ట్ అంటే సర్వర్ సర్టిఫికెట్ (దాని గుర్తింపు కార్డు లాంటిది) సరిగ్గా ఉంటేనే రూటర్ దానితో మాట్లాడుతుంది.

ఆ పట్టుదలే నన్ను ఒకసారి ముంచింది. రూటర్ తన సొంత అవసరాలకూ ఇదే దారి వాడాలని అత్యుత్సాహంతో ఇంకో సెట్టింగ్ ఆన్ చేశాను. ఓ రాత్రి కరెంటు పోయి వచ్చింది. వైఫై లైట్లు వెలుగుతున్నాయి, నెట్ లేదు. మా అత్తగారి సీరియల్ ఆగిపోయి ఇంట్లో అందరికీ టెన్షన్. తీరా చూస్తే తప్పు గడియారానిది. మామూలు రూటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు, ఆగి లేస్తే ఏదో పాత తేదీతో మొదలవుతుంది. తేదీ తప్పైతే సర్టిఫికెట్ చెల్లదు, కాబట్టి డీఎన్‌ఎస్ పనిచేయదు. డీఎన్‌ఎస్ లేకపోతే టైమ్ సర్వర్ అడ్రసు దొరకదు, కాబట్టి తేదీ సరికాదు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు! ఆ అదనపు సెట్టింగ్ తీసేశాక సర్దుకుంది.

సరిగ్గా పడిందో లేదో చూడటానికి ముందు ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్, బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ ఆఫ్ చేయండి. లేకపోతే వాటి ఫలితాన్ని రూటర్ ఫలితం అనుకుంటారు. తర్వాత బ్రౌజర్‌లో 1.1.1.1 కొట్టి, పక్కన ఏటవాలు గీత పెట్టి, హెల్ప్ అని ఇంగ్లిషులో టైప్ చేయండి. డీఎన్‌ఎస్ ఓవర్ టీఎల్‌ఎస్ వరసలో యెస్ అని రావాలి.

ఒక్క మాట: కండక్టర్‌కు చెవిలో చెప్పినా, మీరు దిగే స్టాప్ అందరికీ కనిపిస్తుంది. ఏ ఐపీకి వెళ్తున్నారో కంపెనీకి ఇంకా తెలుస్తుంది. చాలా సైట్ల విషయంలో పేరు కూడా కనెక్షన్ మొదట్లో బయటపడుతుంది.

వచ్చే భాగం లోపు ఒక పని చేయండి. ఇంట్లో ఎవరూ మీటింగ్‌లో లేనప్పుడు మెయిన్ యూనిట్ ప్లగ్ పీకి, పది నిమిషాలాగి మళ్లీ పెట్టండి. నెట్ దానంతట అది వచ్చిందో లేదో రాసిపెట్టుకోండి. వచ్చే భాగంలో, మనం చెప్పింది వినకుండా సొంతంగా 8.8.8.8ను (గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్‌ను) అడిగే టీవీల సంగతి చూద్దాం.