సైన్స్ ఫెయిర్‌కి ముందు సర్వో మోటారుతో జాగ్రత్తలు

స్కూళ్లలో సైన్స్ ఫెయిర్లు మొదలయ్యాయంటే రైల్వే గేటు, తనే మూత తెరుచుకునే చెత్తబుట్ట ఎక్కడో ఒక టేబుల్ మీద ఉండాల్సిందే. వాటిని ఎత్తేది చాలావరకు ఆ నీలం రంగు చిన్న సర్వో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటారు), ఎస్‌జీ90. బరువు 9 గ్రాములే. ఇంట్లో చక్కగా ఆడి, జడ్జీలు రాగానే వణికిపోయేదీ అదే. అప్పుడు ఆ పిల్లల మొహాలు చూడలేం.

అసలు చిక్కంతా కరెంటు దగ్గర. గేటు ఎక్కడైనా ఇరుక్కుంటే ఈ సర్వో 600 మిల్లీ ఆంపియర్లకు పైగా లాగుతుంది. సర్వోకి ప్రోగ్రాం ప్రకారం సిగ్నల్ పంపే చిన్న బోర్డు ఆర్డునో ఊనో. యూఎస్‌బీతో నడిచేటప్పుడు దానిలో ఉన్నది 500 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు. వోల్టేజీ పడిపోతుంది. గేటు సగం లేస్తుంది, బోర్డు మీద లైటు టక్కున ఆరి వెలుగుతుంది, గేటు మళ్లీ మొదటికొస్తుంది. పిల్లలేమో ప్రోగ్రాం తప్పనుకుని రాత్రంతా దాన్నే దిద్దుతూ కూర్చుంటారు. సర్వోకి విడిగా 4 పెన్సిల్ సెల్స్ పెట్టండి. చిన్న 9 వోల్టుల బ్యాటరీ మాత్రం వద్దు. అది అంత కరెంటు ఇవ్వలేదు, పైగా సర్వోకి ఆ వోల్టేజీ ఎక్కువ. సెల్స్ మైనస్‌ని బోర్డు గ్రౌండ్‌కి (GND అని రాసిన పిన్‌కి) తప్పకుండా కలపాలి, లేకపోతే సిగ్నల్ అందక సర్వో పిచ్చిగా ఊగుతుంది.

వైర్లలో గోధుమ రంగుది మైనస్, ఎరుపు ప్లస్, నారింజ సిగ్నల్. ఆ సిగ్నల్ సెకనుకు 50 సార్లు వచ్చే చిన్న పల్స్. దాని నిడివి 1.5 మిల్లీసెకన్లయితే సర్వో మీద బిగించే ప్లాస్టిక్ చేయి మధ్యలో, అంటే 90 డిగ్రీల దగ్గర ఆగుతుంది. తగ్గితే ఒక పక్కకి, పెరిగితే రెండో పక్కకి తిరుగుతుంది. అందుకే ముందు 90 డిగ్రీలు పంపి, ఆ తర్వాతే చేయి బిగించండి. ప్రోగ్రాంలో 0, 180 దాకా పోకండి. చివర్లో అడ్డు తగిలి సర్వో గుర్రుమంటూ వేడెక్కుతుంది. చేత్తో బలవంతంగా తిప్పితే లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగిపోతాయి.

గేటు లేచి దిగితే చాలనుకుంటే అసలు బోర్డే అక్కర్లేదు. సర్వో టెస్టర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, నాబ్ తిప్పితే గేటు కదులుతుంది. ఆరో తరగతి పిల్లలకి నేనైతే ఇదే చెబుతాను. గాలిమరలా గిరగిరా తిరగాల్సిన వాటికి సర్వో దండగ. పసుపు గేర్ మోటారు, ఒక స్విచ్ సరిపోతాయి.

ముందు రోజు గేటుని అరగంట ఆగకుండా ఆడించి, సర్వోని వేలితో తాకి చూడండి. చురుక్కుమంటే గేటు అట్టని తేలికది పెట్టండి.